గ్యాస్ ఫర్నేస్ హై లిమిట్ స్విచ్: ట్రిప్ అయిన కారణం కనిపెట్టడం, స్విచ్ మార్చడం ఎలా?

అమెరికాలోనో కెనడాలోనో మీరు ఉంటున్న ఇంట్లో గ్యాస్ ఫర్నేస్ ఐదారు నిమిషాలు మండి ఆగిపోవడం, బ్లోయర్ (వేడి గాలిని గదులకు తోసే పెద్ద ఫ్యాన్) మాత్రం ఆగకుండా గాలి కొడుతూనే ఉండడం, కాసేపటికి మంట మళ్లీ వెలిగి మళ్లీ ఆరిపోవడం, ఇల్లు మాత్రం థర్మోస్టాట్‌లో పెట్టిన అంకెకు చేరకపోవడం గమనించారంటే, హై లిమిట్ స్విచ్ ట్రిప్ అవుతోందని, అంటే వేడి హద్దు దాటగానే కనెక్షన్ తెంచి మంట ఆపేస్తోందని అనుమానించవచ్చు. ఈ స్విచ్ అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది. దాన్ని పట్టి ఉంచేవి రెండు స్క్రూలు, రెండు వైర్లు మాత్రమే కనుక మార్చడం పెద్ద పనేమీ కాదు. అయితే ట్రిప్ అయిన ప్రతి స్విచ్ చెడిపోయినట్టు కాదు. ఎక్కువసార్లు ఫర్నేస్ లోపల వేడి నిజంగానే హద్దు దాటినందువల్ల అది తన పని తాను చేసి ఉంటుంది. కారణం అలాగే ఉండగా కొత్త స్విచ్ బిగిస్తే అది కూడా ట్రిప్ అవుతుంది. అందువల్ల ముందుగా కారణం వెతికే పద్ధతిని వివరంగా చెప్పి, ఆ తర్వాతే స్విచ్ మార్చే పద్ధతికి వస్తాను. ఈ వరుసను తారుమారు చేయవద్దని నా మనవి.

స్విచ్ ఎక్కడ ఉంటుంది, ఎలా పని చేస్తుంది

థర్మోస్టాట్ నుంచి వేడి కావాలన్న సంకేతం రాగానే, కంట్రోల్ బోర్డు లిమిట్ స్విచ్ కనెక్షన్ కలిసే ఉందని చూసుకుని ఇన్‌డ్యూసర్ అనే చిన్న ఫ్యాన్‌ను తిప్పుతుంది. అది పొగగొట్టం వైపు గాలిని లాగుతుంది. ఆ లాగుడు సరిపోయిందని ప్రెషర్ స్విచ్ తెలిపాక ఇగ్నైటర్ ఎర్రగా కాలుతుంది, గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది, బర్నర్లు వెలుగుతాయి, మంట నిలిచిందని ఫ్లేమ్ సెన్సర్ బోర్డుకు తెలుపుతుంది. ఆ మంట వేడి హీట్ ఎక్స్‌ఛేంజర్ అనే లోహపు అరల లోపలి నుంచి పోతుంది. సుమారు అర నిమిషం తర్వాత బ్లోయర్ మొదలై ఇంటి గాలిని ఆ అరల బయటి వైపు నుంచి తోస్తుంది, వేడెక్కిన ఆ గాలి డక్టుల ద్వారా గదులకు చేరుతుంది. మంట నుంచి వచ్చే పొగ, మీరు పీల్చే గాలి ఎక్కడా కలవవు, కలవకూడదు.

లిమిట్ స్విచ్ కాపాడేది ఈ హీట్ ఎక్స్‌ఛేంజర్‌నే. బర్నర్ల వెనక ఉండే లోహపు పలకకు స్విచ్‌ను బిగించి, దాని ముక్కును ఆ పలకలోని రంధ్రం గుండా వేడి గాలి దారిలోకి పంపుతారు. దాని లోపల రెండు వేర్వేరు లోహాలను అతికించి చేసిన చిన్న బిళ్ల ఉంటుంది. వేడికి ఆ రెండు లోహాలు సమానంగా వ్యాకోచించవు కనుక, ఒక నిర్ణీత ఉష్ణోగ్రత దగ్గర బిళ్ల టక్కున వంగి కనెక్షన్ తెగిపోతుంది. తగినంత చల్లబడ్డాక మళ్లీ వెనక్కి వంగి కలుస్తుంది. చాలా స్విచ్‌ల మీద ఆ హద్దు అచ్చు వేసి ఉంటుంది. ఉదాహరణకు ‘ఎల్ 160-30’ అని ఉంటే, 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, అంటే సుమారు 71 సెల్సియస్ దగ్గర తెగుతుందని, అక్కడి నుంచి 30 డిగ్రీలు తగ్గి 130కి చేరాక మళ్లీ కలుస్తుందని అర్థం. ఈ అంకెలు మోడల్‌ను బట్టి మారతాయి.

కనెక్షన్ తెగిన మరుక్షణం బోర్డు గ్యాస్ వాల్వ్‌ను మూసేసి, లోపల పేరుకున్న వేడిని బయటికి నెట్టడానికి బ్లోయర్‌ను తిప్పుతూనే ఉంటుంది. వేడి లేకుండా బ్లోయర్ మాత్రం ఎడతెగకుండా తిరగడానికి కారణం ఇదే. థర్మోస్టాట్ ఆఫ్ చేసినా బ్లోయర్ ఆగకపోతే, ముందు థర్మోస్టాట్‌లో ఫ్యాన్ ‘ఆన్’ మీద ఉందేమో చూసి ‘ఆటో’కు మార్చండి. అప్పటికీ తిరుగుతూనే ఉంటే లిమిట్ స్విచ్ తెగిపోయి ఉండిపోయిందని అనుమానించాలి.

దీనికి దగ్గరి బంధువు లాంటి మరో స్విచ్ కూడా ఉంది, దాని పేరు రోల్‌అవుట్ స్విచ్. అది బర్నర్ల పక్కనే ఉంటుంది, మధ్యలో చిన్న బటన్ ఉంటుంది, ట్రిప్ అయితే చేత్తో నొక్కితే తప్ప మామూలు స్థితికి రాదు. అనేక మోడళ్లలో లిమిట్, రోల్‌అవుట్ స్విచ్‌లు ఒకే వరుసలో కలిసి ఉంటాయి కనుక ‘లిమిట్ తెగింది’ అని బోర్డు మీది లైటు మెరుపులతో చూపే కోడ్‌కు అసలు కారణం రోల్‌అవుట్ కూడా కావచ్చు. రోల్‌అవుట్ ట్రిప్ అయిందంటే మంట పోవాల్సిన దారిలో పోకుండా బయటికి వచ్చిందని అర్థం. దానికి పొగదారి మూసుకుపోవడమో, హీట్ ఎక్స్‌ఛేంజర్ చిట్లడమో కారణం కావచ్చు. అలాంటప్పుడు బటన్ నొక్కి మళ్లీ వెలిగించకుండా, ఫర్నేస్ ఆపి లైసెన్స్ ఉన్న టెక్నీషియన్‌ను పిలవండి. మీ పని అక్కడితో ముగుస్తుంది.

పవర్ తీయకముందే కోడ్ చదవండి

ఫర్నేస్ ఆగగానే చాలామంది చేసే మొదటి పని బ్రేకర్ ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయడం. దానివల్ల కొన్ని బోర్డులలో నమోదైన కోడ్ చెరిగిపోతుంది. కింది తలుపుకు ఉండే చిన్న గాజు రంధ్రంలోంచి చూస్తే బోర్డు మీద మెరిసే లైటు కనిపిస్తుంది. అది ఎన్నిసార్లు, ఏ వరుసలో మెరుస్తోందో ఫోన్‌లో వీడియో తీసుకోండి. ఆ మెరుపుల అర్థం తలుపు లోపలి వైపు అతికించిన కాగితం మీద ఉంటుంది. గుడ్‌మన్ ఫర్నేస్‌లలో చాలా మోడళ్లకు నాలుగు మెరుపులు లిమిట్ తెగిందని చెబుతాయి. క్యారియర్, బ్రయంట్ ఫర్నేస్‌లలో 33 అనే కోడ్, అంటే మూడు మెరుపుల తర్వాత మరో మూడు, లిమిట్ సర్క్యూట్ లోపాన్ని తెలుపుతుంది. ఏ కంపెనీదైనా మీ తలుపు మీద ఉన్న కాగితమే ప్రమాణం. ఇంటర్నెట్‌లో మరో మోడల్ పట్టిక చూసి నిర్ణయం తీసుకోవద్దు.

మంట ఎంతసేపు నిలిచిందన్నది కూడా మంచి ఆధారం. వెలిగిన కొద్ది సెకన్లకే ఆరిపోతే అది సాధారణంగా ఫ్లేమ్ సెన్సర్ మీద పేరుకున్న పొర వల్ల వచ్చే ఇబ్బంది, దానికి లిమిట్ స్విచ్‌తో సంబంధం లేదు. నిమిషాల పాటు చక్కగా మండి, బ్లోయర్ తిరుగుతుండగా ఆరిపోతే అది లిమిట్ లక్షణం. రాత్రి థర్మోస్టాట్ తగ్గించి పెట్టి తెల్లవారి ఒక్కసారిగా ఏడెనిమిది డిగ్రీలు పెంచే ఇళ్లలో ఈ లోపం ఉదయం పూటే బయటపడుతుంది. ఫర్నేస్ ఎక్కువసేపు ఆగకుండా మండేది అప్పుడే కదా.

చేయి పెట్టే ముందు

మీరు అద్దె ఇంట్లో ఉంటే ఈ పని ఇంటి యజమానిది, ఆయనకు తెలియజేయడమే సరైన పద్ధతి. ఫర్నేస్‌కు వారంటీ ఉంటే సొంతంగా విప్పడం వల్ల అది పోతుందేమో ముందే చదివి చూసుకోండి. స్థానిక నిబంధనలు కూడా చోటును బట్టి మారతాయి. కెనడాలోని ఆంటారియో ప్రావిన్స్‌లో గ్యాస్ పరికరాల మీద పని చేసే వృత్తిదారులకు టీఎస్ఎస్ఏ అనే అక్కడి భద్రతా సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ తప్పనిసరి.

గ్యాస్ వాసన వస్తుంటే ఏ స్విచ్ వేయకుండా, ఏ స్విచ్ తీయకుండా, ఇంట్లో ఉన్నవారందరితో బయటికి వెళ్లి, అక్కడి నుంచి గ్యాస్ కంపెనీకి గానీ 911కి గానీ ఫోన్ చేయండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగినా ఇదే పద్ధతి. ఆ వాయువుకు రంగు, వాసన ఉండవు కనుక పడక గదుల దగ్గర, ప్రతి అంతస్తులో పనిచేస్తున్న అలారం ఉండాలి. అలారం లేని ఇంట్లో ముందు అది కొని పెట్టి, ఆ తర్వాత ఫర్నేస్ తలుపు తీయండి.

ఇక లిమిట్ స్విచ్ వైర్లు రెండూ పీకి ఒకదానికొకటి కలిపి ఫర్నేస్ నడిపించే వారి మాట. ‘ఈ ఒక్క రాత్రికి’ అని మొదలుపెట్టినా ఆ పని ఎన్నడూ చేయవద్దు. ఆ స్విచ్ లేని ఫర్నేస్‌లో బ్లోయర్ ఆగిపోయినా మంట ఆగదు. హీట్ ఎక్స్‌ఛేంజర్ ఎర్రగా కాలి, చిట్లి, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ నిద్రపోతున్నవారి గదుల్లోకి రావచ్చు, చుట్టుపక్కల చెక్క అంటుకోవచ్చు. చలి భరించలేకపోతే ఆ రాత్రికి కరెంటుతో నడిచే రూమ్ హీటర్ గోడ ప్లగ్గుకే నేరుగా తగిలించి, పరుపులకు, కర్టెన్లకు దూరంగా పెట్టుకోండి, లేదా బంధుమిత్రుల ఇంటికి వెళ్లండి.

గాలి దారి: కారణం ఎక్కువసార్లు దొరికేది ఇక్కడే

వేడి హద్దు దాటడానికి అతి సాధారణ కారణం గాలి చాలకపోవడం. బర్నర్లు ఎప్పటిలాగే వేడినిస్తుంటే, దాన్ని మోసుకుపోయే గాలి తగ్గిందనుకోండి. పొయ్యి మీద ఎసరు ఇగిరిపోయిన గిన్నెలాగా హీట్ ఎక్స్‌ఛేంజర్ మాడుతుంది. అందువల్ల గాలి ఇంట్లోంచి ఫర్నేస్‌లోకి వచ్చే చోటు నుంచి, తిరిగి గదుల్లోకి వెళ్లే చోటు దాకా దారి మొత్తం నడిచి చూడండి.

మొదట ఫిల్టర్ చూడాలి. తీసి దీపానికి అడ్డంగా పెట్టినప్పుడు వెలుతురు కనిపించకపోతే దాన్ని మార్చాలి. మన వంటిళ్లలో రోజూ పెట్టే పోపులు, వేపుళ్ల నూనె ఆవిరి, దేవుడి దగ్గర వెలిగించే అగరుబత్తుల మసి గాలితో పాటు తిరిగి ఫిల్టర్‌కు అంటుకుంటాయి. వాటికి దుమ్ము తోడై, ప్యాకెట్ మీద రాసిన గడువుకన్నా ముందే ఫిల్టర్ మూసుకుపోవచ్చు. కాబట్టి చలికాలంలో నెలకోసారి తీసి చూడండి. ఒక అంగుళం మందమే ఉన్న ఫిల్టర్‌లో మెర్వ్ 13 వంటి దట్టమైన రకం (మెర్వ్ అంకె పెరిగేకొద్దీ ఫిల్టర్ మరింత సన్నని దుమ్మును పడుతుంది) వాడుతుంటే, కొత్తదైనా సరే అది గాలిని బాగా అడ్డగించవచ్చు. అనుమానం ఉంటే మెర్వ్ 8 రకం పెట్టి రెండు రోజులు గమనించండి. ఇంకో సంగతి: కొన్ని ఇళ్లలో గోడకో సీలింగ్‌కో ఉన్న రిటర్న్ జాలీ (ఇంటి గాలి ఫర్నేస్‌లోకి తిరిగి వెళ్లే జాలీ) వెనక ఒక ఫిల్టర్, ఫర్నేస్ పక్కన మరో ఫిల్టర్ ఉంటాయి. ఇల్లు కొన్నవారు ఒకదాన్ని మారుస్తూ, రెండోది ఉందనే తెలియక సంవత్సరాలు గడిపేస్తారు. రెండుంటే ఒకదాన్నే ఉంచుకోవాలి.

తర్వాత వెంట్లు, అంటే వేడి గాలి గదుల్లోకి వచ్చే జాలీలు. వాడని గదిలో లైటు, ఫ్యాన్ తీసేయడం మనకు చిన్నప్పటి నుంచి ఉన్న మంచి అలవాటు. అదే లెక్కన వాడని గదుల్లో వెంట్లు మూసేస్తే గ్యాస్ ఆదా అవుతుందని చాలా తెలుగు ఇళ్లలో నమ్ముతారు. ఫర్నేస్ విషయంలో ఈ లెక్క తప్పుతుంది. మామూలు ఫర్నేస్‌కు గదులు తగ్గాయని తెలియదు. అది అదే మంట మండిస్తుంది, గాలి వెళ్లే దారులు మాత్రం తగ్గుతాయి. మూసిన వెంట్లన్నీ తెరవండి. రిటర్న్ జాలీకి అడ్డంగా సోఫా, బియ్యం బస్తా, పూజా మందిరం, చెప్పుల స్టాండు వంటివి ఉంటే జరపండి. గది వెంట్ల మీద తివాచీ పరిచి ఉంటే తీసేయండి.

ఫిల్టర్, వెంట్లు సరిగానే ఉంటే చూపు బ్లోయర్ మీదికి మళ్లించాలి. పవర్ తీసి కింది తలుపు విప్పి, టార్చి వేసి చక్రం రెక్కలు చూడండి. రెక్కల వంపులో దుమ్ము మందంగా పట్టి ఉంటే చక్రం తిరుగుతున్నా తగినంత గాలిని తోయలేదు. పాత రకం మోటారుకు కెపాసిటర్ (మోటారు తిరగడానికి సాయపడే, కరెంటును నిలవ ఉంచుకునే చిన్న డబ్బా) ఉంటుంది. అది బలహీనపడితే మోటారు నెమ్మదిగా తిరుగుతుంది, లేదా మూలుగుతూ మొదలే కాదు. పవర్ తీశాక కూడా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉండి షాక్ కొట్టగలదు కనుక, దాన్ని సురక్షితంగా డిస్చార్జ్ చేయడం తెలియనివారు ముట్టుకోవద్దు.

ఏసీ కూడా అదే డక్టుల మీద నడిచే ఇళ్లలో ఫర్నేస్ నుంచి గాలి బయటికి వచ్చే చోట ఏసీ కాయిల్ ఉంటుంది. ఏళ్ల తరబడి ఫిల్టర్ లేకుండా నడిపితే దాని సన్నని రేకుల మధ్య దుమ్ము చాపలా పేరుకుంటుంది. ఎండాకాలంలో ఏసీ గాలి కూడా తగ్గిందని అనిపించి ఉంటే ఈ కాయిల్‌ను గట్టిగా అనుమానించండి. టెక్సాస్‌లో చాలా ఇళ్లలో ఫర్నేస్‌ను అటక మీద పడుకోబెట్టి బిగిస్తారు. అక్కడ కాయిల్‌తో పాటు మెత్తని డక్టు గొట్టాలను కూడా చూడాలి. అటక మీద సామాను పెట్టేటప్పుడు సూట్‌కేసు కింద గొట్టం నలిగినా ఆ వైపు గాలి ఆగిపోతుంది. అటక మీద నడిచేటప్పుడు చెక్క దూలాల మీదే కాలు వేయండి, మధ్యలో వేస్తే సీలింగ్ పగిలి కిందికి జారిపోతారు.

ఇవన్నీ చూశాక గాలి నిజంగా సరిపోతోందో లేదో కొలిచి తెలుసుకునే పద్ధతి ఒకటి ఉంది, నా దృష్టిలో ఈ పని మొత్తంలో అత్యంత విలువైనది అదే. ఫర్నేస్ లోపలి పేరు పలక మీద ‘టెంపరేచర్ రైజ్’ అని ఒక శ్రేణి రాసి ఉంటుంది, ఉదాహరణకు 35 నుంచి 65 డిగ్రీల ఫారెన్‌హీట్. లోపలికి వచ్చే గాలికి, బయటికి వెళ్లే గాలికి మధ్య ఉండాల్సిన తేడా అది. రిటర్న్ డక్టులో ఫర్నేస్‌కు దగ్గరగా ఒక చోట, వేడి గాలి డక్టులో హీట్ ఎక్స్‌ఛేంజర్ నేరుగా కనిపించని మలుపు తర్వాత మరో చోట, సన్నని రంధ్రం గుండా థర్మామీటర్ పెట్టి, ఫర్నేస్‌ను పది పదిహేను నిమిషాలు నడిపి చూడండి. రంధ్రం చేసేటప్పుడు ఏసీ కాయిల్ ఉన్న భాగానికి దూరంగా ఉండాలి, పని అయ్యాక లోహపు టేపుతో మూసేయాలి. రిటర్న్ గాలి 68, వేడి గాలి 148 వచ్చిందనుకుందాం. తేడా 80 డిగ్రీలు. పలక మీద 65 దాటకూడదని ఉంది కనుక గాలి చాలడం లేదు, లేదా బర్నర్లకు గ్యాస్ ఎక్కువ వస్తోంది; స్విచ్ ట్రిప్ కావడం న్యాయమే. అదే తేడా 55 మాత్రమే ఉండి, అయినా స్విచ్ తెగుతోందంటే అప్పుడు స్విచ్‌నే తప్పుపట్టాలి. పదేపదే ట్రిప్ అయిన స్విచ్ బలహీనపడి, రాసి ఉన్న హద్దుకన్నా ముందే తెగడం మొదలుపెట్టవచ్చు.

గాలి దారి అంతా బాగుండి కూడా తేడా ఎక్కువగానే వస్తే గ్యాస్ ప్రెషర్, బ్లోయర్ వేగం, డక్టుల కొలత చూడాల్సి వస్తుంది. గ్యాస్ ప్రెషర్‌ను మానోమీటర్ అనే ప్రెషర్ కొలిచే పరికరం లేకుండా సరిచేయడం కుదరదు, సరిచేయడానికి ప్రయత్నించడమూ ప్రమాదం. అది టెక్నీషియన్‌కు వదిలేయండి.

మల్టీమీటర్‌తో పరీక్ష

ఫర్నేస్ పక్కన లైటు స్విచ్ లాగా కనిపించే సర్వీస్ స్విచ్‌ను ఆఫ్ చేసి, బ్రేకర్ కూడా తీయండి. గ్యాస్ గొట్టం మీది వాల్వ్ పిడిని గొట్టానికి అడ్డంగా తిప్పితే గ్యాస్ ఆగుతుంది. ఫర్నేస్ అప్పటిదాకా మండి ఉంటే లోపలి లోహం చల్లబడేందుకు అరగంట ఆగండి. ఇది కాలకుండా ఉండడానికి మాత్రమే కాదు: వేడిగా ఉన్నప్పుడు తెగి ఉన్న స్విచ్ చల్లబడ్డాక కలుస్తుంది కనుక, చల్లగా ఉన్నప్పుడు చేసే పరీక్షకే అర్థం ఉంటుంది.

తలుపులు రెండూ తీసి, స్విచ్‌ను గుర్తించి, వైర్లు ఎలా ఉన్నాయో దగ్గర నుంచి ఫోటో తీసుకోండి. తర్వాత వైర్ల చివర ఉండే లోహపు తొడుగులను సన్నమూతి పటకారుతో పట్టుకుని నిదానంగా లాగాలి. వైరును పట్టుకుని గుంజితే తొడుగులోంచి ఊడి వస్తుంది. తొడుగులు నల్లబడి ఉన్నాయా, వదులయ్యాయా చూడండి, ఎందుకంటే వదులైన తొడుగు కూడా స్విచ్ తెగినట్టే బోర్డును భ్రమింపజేస్తుంది. అలాంటి చోట స్విచ్‌ను కాదు, తొడుగును మార్చాలి.

మల్టీమీటర్‌ను ఓమ్స్ మీద పెట్టి, రెండు కడ్డీలను స్విచ్ రెండు కాళ్లకు ఆనించండి. బాగున్న స్విచ్ సున్నాకు చాలా దగ్గరి అంకె చూపుతుంది, మీటరుకు ఆ సౌకర్యం ఉంటే బీప్ వస్తుంది. చల్లగా ఉన్నా మీటరు ‘ఓఎల్’ చూపితే, అంటే కనెక్షనే లేదంటే, స్విచ్ చెడిపోయింది. అంకె వచ్చినా స్విచ్ నిరపరాధి అని అప్పుడే తేల్చవద్దు, వేడి మీద ముందుగానే తెగే స్విచ్‌ను ఈ చల్లని పరీక్ష పట్టలేదు. దాన్ని పట్టేది పైన చెప్పిన టెంపరేచర్ రైజ్ కొలతే. ఇదే పద్ధతిలో రోల్‌అవుట్ స్విచ్‌లను కూడా ఒక్కొక్కటిగా పరీక్షించండి. పడుకోబెట్టిన ఫర్నేస్‌లలోను, గాలి కిందికి వదిలే ఫర్నేస్‌లలోను బ్లోయర్ డబ్బా మీద అదనపు లిమిట్ స్విచ్ ఒకటి ఉండవచ్చు, దాన్ని మరచిపోవద్దు.

సరైన స్విచ్ తెచ్చుకోవడం

ఫర్నేస్ పేరు పలక మీది మోడల్ నంబరు, సీరియల్ నంబరు, పాత స్విచ్ మీద అచ్చు వేసిన అంకెలు, ఈ మూడూ ఫోటో తీసుకుని విడిభాగాల దుకాణంలో చూపండి. చూడడానికి ఒకేలా ఉన్న స్విచ్‌లు హద్దులో 20, 30 డిగ్రీల తేడాతో ఉంటాయి, ముక్కు పొడవులో కూడా తేడా ఉంటుంది. ముక్కు పొట్టిదైతే వేడి గాలి మధ్యకు చేరక ఆలస్యంగా తెగుతుంది. ‘మాటిమాటికీ ట్రిప్ అవుతోంది, కాస్త ఎక్కువ హద్దు ఉన్నది వేద్దాం’ అనే ఆలోచన వైర్లు కలిపేయడంతో సమానం. కంపెనీ తన హీట్ ఎక్స్‌ఛేంజర్ ఎంత వేడిని తట్టుకుంటుందో పరీక్షించి ఆ అంకె నిర్ణయించింది. కంపెనీ స్వయంగా పాత నంబరు బదులు కొత్త నంబరు ఇచ్చి ఉంటే దాన్ని వాడవచ్చు. ఏ మోడల్‌కైనా సరిపోతుందని అమ్మేవి వద్దు.

బిగించడం

పవర్, గ్యాస్ రెండూ ఆగి ఉన్నాయని మరోసారి నిర్ధారించుకోండి. వైర్లు తీసిన పాత స్విచ్‌కు ఉన్న రెండు స్క్రూలను పావు అంగుళం నట్ డ్రైవర్‌తో విప్పండి. ఆ స్క్రూలు బర్నర్ల కిందికి జారితే వెతకడం కష్టం కనుక, చివరి చుట్టు వేళ్లతో విప్పడం మంచిది. స్విచ్‌ను నేరుగా ముందుకు లాగితే ముక్కు రంధ్రంలోంచి బయటికి వస్తుంది. పాతదాన్ని, కొత్తదాన్ని పక్కపక్కన పెట్టి ముక్కు పొడవు, అంకెలు, స్క్రూ రంధ్రాల దూరం సరిచూసుకోండి. ఇక్కడ తేడా కనిపిస్తే బిగించకుండా తిరిగి ఇచ్చేయండి.

రంధ్రం తెరిచి ఉన్న ఈ క్షణాన్ని వృథా చేయకండి. టార్చి వేసి లోపలికి చూడండి. కనిపించినంత మేర హీట్ ఎక్స్‌ఛేంజర్ మీద చీలిక గానీ, మసి మరకలు గానీ ఉంటే కొత్త స్విచ్ బిగించినా ఫర్నేస్ వెలిగించవద్దు, టెక్నీషియన్‌కు చూపించాలి. ఏమీ కనిపించనంత మాత్రాన చీలిక లేదని హామీ లేదు, ఆ రంధ్రంలోంచి కనిపించేది కొద్ది భాగమే.

కొత్త స్విచ్ ముక్కును దేనికీ తగలకుండా లోపలికి పంపి, పాతదానికి పలుచని గాస్కెట్ ఉండి ఉంటే అదే చోట పెట్టి, రెండు స్క్రూలు బిగించండి. పలుచని రేకు కనుక మరీ బలంగా తిప్పితే మర అరిగిపోతుంది. స్విచ్ కదలకుండా ఉంటే చాలు. రెండు కాళ్ల స్విచ్‌కు ఏ వైరు ఏ కాలికైనా పెట్టవచ్చు. కాళ్లు మూడో నాలుగో ఉన్న స్విచ్ అయితే ఫోటో ప్రకారమే పెట్టాలి. తొడుగులు గట్టిగా కూర్చున్నాయో లేదో మెల్లగా లాగి చూడండి. వైర్లు బర్నర్లకు గానీ, పదునైన రేకు అంచుకు గానీ ఆనకుండా సర్దండి. వైరు చర్మం కోసుకుపోయి రేకుకు తగిలితే బోర్డు మీద ఉండే, కారులో వాడే రకపు చిన్న ఫ్యూజు కాలిపోయి ఫర్నేస్ పూర్తిగా మూగబోతుంది. కొత్త స్విచ్ వేసినా ఫర్నేస్‌లో చలనమే లేకపోతే ముందు ఆ ఫ్యూజునే చూడండి. అది సాధారణంగా 3 లేదా 5 యాంపియర్లది. ఎంత ఉందో అంతే వేయాలి.

వెలిగించి చూడడం

కింది తలుపు సరిగా మూసుకోకపోతే దాని వెనక ఉన్న స్విచ్ నొక్కుకోదు, కరెంటు రాదు. తలుపులు రెండూ పెట్టి, గ్యాస్ వాల్వ్ తిప్పి, వాసన లేదని చూసుకుని, బ్రేకర్, సర్వీస్ స్విచ్ వేయండి. థర్మోస్టాట్‌ను గది ఉష్ణోగ్రతకన్నా ఐదారు డిగ్రీలు పెంచి, ఫర్నేస్ దగ్గరే నిలబడి మొదట చెప్పిన వరుస మొత్తం గమనించండి. బర్నర్ల మంట నీలంగా, నిలకడగా, హీట్ ఎక్స్‌ఛేంజర్ వైపు వంగి ఉండాలి. బ్లోయర్ మొదలవగానే మంట ఊగిసలాడినా, పసుపు రంగుకు తిరిగినా వెంటనే ఆపేయండి. బ్లోయర్ గాలి మంటను తాకుతోందంటే హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో చీలిక ఉండవచ్చు.

అరగంట ఆగకుండా నడిపి టెంపరేచర్ రైజ్ మరోసారి కొలవండి. తేడా పేరు పలక మీది శ్రేణిలో, వీలైతే మధ్యలో ఉండాలి. కొత్త స్విచ్ సమయానికి తెగుతోందో లేదో చూసే పద్ధతిని కొన్ని కంపెనీలు తమ పుస్తకాల్లోనే రాశాయి: ఫర్నేస్ ఐదు నిమిషాలు నడిచాక రిటర్న్ జాలీని అట్టముక్కతో కొద్దికొద్దిగా మూస్తూ పోతే, ఒక దశలో స్విచ్ తెగి బర్నర్లు ఆరిపోవాలి, ఆరిన వెంటనే అట్ట తీసేయాలి. మీ పుస్తకంలో ఈ పరీక్ష ఉంటే, మరొకరు తోడుగా ఉన్నప్పుడే, ఒకరు బర్నర్లను చూస్తూ ఇంకొకరు అట్ట పట్టుకుని చేయండి. గాలి దాదాపు పూర్తిగా ఆగినా మంట ఆరకపోతే అట్ట తీసి, సర్వీస్ స్విచ్ ఆఫ్ చేసి, ఆ ఫర్నేస్‌ను టెక్నీషియన్ చూసేదాకా వాడవద్దు.

ఫిల్టర్ శుభ్రంగా, వెంట్లన్నీ తెరిచి, కొత్త స్విచ్ సరైన నంబరుదే అయి ఉండగా మళ్లీ ట్రిప్ అయితే ఇంకో స్విచ్ కొనకండి. రిటర్న్, వేడి గాలి ఉష్ణోగ్రతలు, వాటి తేడా, ఎన్ని నిమిషాలకు ఆగింది, లైటు ఎన్నిసార్లు మెరిసింది అన్నవి కాగితం మీద రాసి టెక్నీషియన్‌కు ఇవ్వండి, బ్లోయర్ వేగం, గ్యాస్ ప్రెషర్, డక్టులలో గాలి ప్రెషర్ కొలవమని పేరు పెట్టి అడగండి. ఆ మూడూ కొలవకుండా మళ్లీ స్విచ్ మారుస్తానని ఆయన అంటే, కొలిచే మరొకరిని పిలవండి.